ఏరు తూకం

నారాయణపురం కాలవ చివర,
అందరికీ అందాక మిగిలిన నీరు చేరే చోట
తవిటమ్మకి అరవై సెంట్లు.
ఉబాల ముందు మూడు మళ్ళు చేసి మాకిచ్చింది.
ఒక మడికి యూరియా లేదు.
ఒక మడికి మూడు విడతలు, ఆకు రంగుల అట్ట చెప్పినంత.
మూడోదానికి ఆమె మరిది దాలినాయుడు చెప్పినంత,
అంటే బస్తా ఖాళీ అయ్యేదాకా.

నా పని వేళ్ళతో వేళ్ళు కడగడం.
దుబ్బుని మట్టిముద్దతో సహా తవ్వి, బకెట్లో నానేసి,
బురద వదిలేదాకా ఒక్కో పోగూ విడదీసి,
ఆకు ఒక సంచి, కాండం ఒక సంచి,
వెన్ను ఒకటి, వేరు ఒకటి.
ఓవెన్లో మూడు పగళ్ళు, మూడు రాత్రులు.
తర్వాత తూకం.
నీరంతా పోయాక మిగిలేదాంట్లో సగం దాకా
గాలిలోంచి మొక్క ఏరుకున్న బొగ్గే.
కంటికి కనపడని బొగ్గు, ఎండతో పేనిన బొగ్గు.
దాన్ని ఎవరికెంత పంచిందో
గ్రాముల్లో రాసుకుంటాను.

భాద్రపదం వచ్చేసరికి మూడో మడి
దారిన పోయే మోటారు సైకిళ్ళని ఆపింది.
అంత నలుపు తిరిగిన పచ్చ.
"సూడండి, మబ్బు దిగినట్టు లేదేటి!"
గట్టు మీద దాలినాయుడు మీసం తడుముకున్నాడు.
మొదటి మడి వైపు ఎవరూ చూడలేదు.
కామెర్ల పిల్లలా ఒక మూల కూర్చుంది.

తవ్వినప్పుడు తెలిసింది.
ఆకలి మడి దుబ్బు ఊడి రాలేదు.
పైన మోకాలెత్తు లేని మొక్క
కింద మూరెడు దిగి వెతుకుతోంది.
ఉన్న కాస్త బొగ్గులో పెద్ద వాటా కిందికే పంపింది,
దొరక్కపోతుందా అని,
ఇంట్లో గింజ లేకపోయినా నుయ్యి తవ్వించేవాడిలా.
నలుపు మడి దుబ్బు మాత్రం
పిలవగానే చేతిలోకి వచ్చేసింది.
దానికి కిందికి పోవాల్సిన అవసరమేముంది?
గంప నెత్తిన పెట్టుకుని దాలినాయుడే వచ్చేవాడు.

కానీ ఆ తిండి ఊరికే రాదు.
మింగిన ప్రతి పలుకుకీ
మొక్క తన బొగ్గులోంచే ఇంత విరిచి జత కట్టాలి,
అప్పుడే అది ఒంటికి పడుతుంది.
ఆకు మీద ఆకు, పిలక మీద పిలక.
ఈనిక నాటికి కాండంలో దాచాల్సిన పిండి
ముందే పచ్చగా ఖర్చయిపోయింది.

ఆశ్వయుజంలో ఒక రాత్రి సముద్రం మీంచి గాలి.
తెల్లారేసరికి నలుపు మడి పడుకుని ఉంది,
ఒకదాని మీద ఒకటి, ఆఖరి రైలు తప్పిపోయిన జనంలా.
కింద దోమ.
వెన్ను నొక్కితే గింజల్లో మూడోవంతు
పాలు పోసుకోని ఉత్త తొడుగులు.
దాలినాయుడు ఒక తాలు గింజ పంట్లో పెట్టి కొరికాడు.
ఏమీ అనలేదు. ఉమ్మలేదు కూడా.

గింజకి పెద్ద వాటా ఇచ్చింది నడిమి మడి.
నివేదికలో అది ఒక్క వరుస.
తవిటమ్మకి చదివి వినిపించాను.
తలూపింది, గత్తం రేటు విన్నట్టు.

ఇద్దరు పోయాక పుట్టిందట ఆమె.
నిలబడాలని చేటెడు తవుడికి అమ్మి
మళ్ళీ తెచ్చుకున్నారట.
తూకం సంగతి ఆమెకి నేను చెప్పాలా?

గోధుమరంగు సంచుల్లోంచి ఆకలి మడిది వెతికి తీసి
అరచేతిలో పైకీ కిందికీ ఆడించింది.
"ఏరు తూకానికి కొంటాడేటి బాబూ, మిల్లోడు?"
కొనడన్నాను.
"మరి దీని కష్టం ఏ కాతాలో రాసినారు?"

వేరుని ఆమె ఏరంటుంది.
నాగావళిని కూడా ఏరనే అంటుంది.
ఆ ఏడు కాలవ చివరికి నీరు
నాలుగుసార్లు రావాల్సింది రెండుసార్లు వచ్చింది.
నేను దిద్దలేదు.

సాయంత్రం నోటుబుక్కు తెరిచి
"వేరు, గ్రా." అని ఉన్న గడిలో
మొదటి అక్షరం కొట్టేసి
"ఏ" అని రాశాను.